సముద్రపు గడ్డిని చూసిన చలికాలం

ఏడాదిన్నర పాటు నేను సముద్రం అడుగున ఉన్న గడ్డికి రంగు వేసే ఉద్యోగం చేశాను. ఆ గడ్డిని మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

కువైట్ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది మావారికి మస్కట్‌లో నీటి సరఫరా పనుల్లో ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. నేనూ, నాలుగేళ్ల మా అమ్మాయీ ఆయన వెనకే వెళ్లాం. బౌషర్‌లో ఇల్లు. వంటింటి కిటికీ తీస్తే చెట్టన్నది లేని గోధుమరంగు కొండలు. నేను వాల్తేరులో జియాలజీ చదివి, హైదరాబాదులో ఉపగ్రహ చిత్రాలు చదవడంలో శిక్షణ తీసుకుని, రెండేళ్లు ఉద్యోగం కూడా చేసినదాన్ని. మస్కట్ వెళ్తే ఇక ఇంట్లో కూర్చోవడమే అనుకున్నాను. ఒక తెలుగువాళ్ల ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లినప్పుడు, ప్రసాదం పెడుతూ ఆ ఇంటావిడ, ఊళ్లోనే ఖురంలో ఎవరో ఉపగ్రహ చిత్రాలు తెలిసిన మనిషి కోసం వెతుకుతున్నారట, నీకు ఆ విద్య వచ్చు కదా అంది. ఆ మరుసటి వారం నేను ఉద్యోగంలో చేరాను.

ఆఫీసు తివాచీల దుకాణం పైన, రెండో అంతస్తులో. ఆరుగురం మనుషులం, మూడు కంప్యూటర్లు, ఒక ఏసీ. పని ఏమిటంటే మసీరా ద్వీపం చుట్టూ, దాని ఎదుటి తీరం పొడవునా సముద్రంలో గడ్డి ఎక్కడెక్కడ పెరుగుతోందో మ్యాపు గీయడం. ఆకుపచ్చ తాబేళ్లకు ఆ గడ్డే తిండి. రొయ్య పిల్లలూ చేప పిల్లలూ అందులోనే దాక్కుని పెరుగుతాయి. రేపు జెట్టీలూ రోడ్లూ వచ్చాక గడ్డి ఉండేదా అని వెతుక్కునే బదులు, ముందే గుర్తు పెట్టుకుంటే మంచిదని పైవాళ్ల ఆలోచన.

ఉపగ్రహం పైనుంచి ఫొటో తీస్తే గడ్డి పచ్చగా కనపడుతుందని అందరూ అనుకుంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. నీళ్ల కింద ఏదీ పచ్చగా ఉండదు. తెల్లటి ఇసుక నేల లేత నీలంగా మెరుస్తుంది. మిగతాదంతా నలుపే. గడ్డీ నలుపే, రాతికి పట్టిన నాచూ నలుపే, లోతు నీళ్లూ నలుపే. ఏ నలుపు ఏమిటో తేల్చి, గడ్డి అనుకున్న చోట ఆకుపచ్చ రంగు నింపడమే నా ఉద్యోగం. అట్లపెనం అంత టేపు చుట్టల్లో చిత్రాలు వచ్చేవి. తెర మీద ఒక్కో చుక్క నేల మీద ముప్పై మీటర్ల చదరం. ఆ చుక్కల్లో తలదూర్చి కూర్చుంటే మధ్యాహ్నం భోజనం సంగతి కూడా గుర్తుండేది కాదు.

మా బాస్ స్కాట్లండు మనిషి, సముద్ర జీవశాస్త్రవేత్త. యాభై ఏళ్లుంటాయి. ఎండకు ముఖం ఎప్పుడూ ఎర్రగా కందిపోయి ఉండేది. ఒమాన్‌కు కొత్త. అరబిక్‌లో సలాం, షుక్రన్ తప్ప ఒక్క ముక్క రాదు. నేను గీసిన మ్యాపు పట్టుకుని వెళ్లి, తానే నీళ్లలో దూకి సరిచూసి వచ్చేవాడు.

మొదటి మ్యాపులోనే నేను బోర్లా పడ్డాను. మసీరాకు తూర్పువైపు రాతి ఒడ్డు పొడవునా పెద్ద ఆకుపచ్చ పట్టీ గీశాను. అంత గడ్డి ఒక్కచోట దొరికిందని ఆఫీసంతా మురిసిపోయింది. ఆయన జనవరిలో పడవ మాట్లాడుకుని వెళ్తే అక్కడ వట్టి రాళ్లున్నాయి. నేను వాడిన చిత్రం అక్టోబరుది. వానాకాలం గాలులకు అడుగునుంచి చల్లటి నీళ్లు పైకొచ్చి, ఆ నెలల్లో రాళ్ల మీద నాచు మనిషెత్తు పెరుగుతుందట. చలికాలం వచ్చేసరికి తెగి కొట్టుకుపోతుందట. నేను చూసిన నలుపు ఆ నాచు.

ఆయన తిరిగొచ్చి మ్యాపు నా బల్ల మీద పరిచి, నీ పచ్చిక బయలు దగ్గరికి వెళ్తే అది ఇంట్లో లేదు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అందరూ నవ్వారు. నేను బాత్రూములోకి వెళ్లి అయిదు నిమిషాలు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి, ఈసారి నేనూ వస్తానని చెప్పాను. చూడని వస్తువుకు రంగు ఎలా వేస్తాను అని అడిగాను. ఆయన, నీకు ఈత వచ్చా అన్నాడు. రాదన్నాను. పుట్టి పెరిగింది కాకినాడలో. సముద్రం ఎదురుగానే ఉండేది, కానీ చీలమండ దాటి లోపలికి దిగడానికి మా అమ్మ ఏనాడూ ఒప్పుకోలేదు. పడవలో కూర్చుని లెక్కలు రాస్తావా అన్నాడు. రాస్తానన్నాను.

ఇంట్లో ఈ సంగతి ఎలా చెప్పాలా అని రెండు రోజులు నాన్చాను. మావారు విని, పదిహేను రోజులేగా, వెళ్లు అన్నారు. ఆయనకు వచ్చిన బెంగల్లా అమ్మాయి జడలు. మూడు సాయంత్రాలు నా చున్నీ కుచ్చుల మీద జడ అల్లడం సాధన చేశారు. మూడోనాటికి జడలాంటిదే వచ్చింది.

మమ్మల్ని తీసుకెళ్లింది మా కంపెనీ డ్రైవరు. జగిత్యాల దగ్గరి మనిషి, నలభై దాటాయి. ఒమాన్ వచ్చి పదేళ్లు. మొదట లేబరు పనికి వచ్చి, దుక్మ్ అవతల రోడ్డు సైట్లో గుడారాల్లో ఉండి, తర్వాత లైసెన్సు సంపాదించుకుని మా కంపెనీలో చేరాడు. పేరుకు డ్రైవరే గానీ వంట, టైర్లు, పడవ సామాను, అన్నీ ఆయన డ్యూటీనే. ఆయన నన్ను మేడమ్ అనేవాడు. నేను అన్నా అనేదాన్ని.

సినావ్ దాటాక తారురోడ్డు అయిపోయింది. అక్కణ్ణుంచి కంకర మైదానం, దుమ్ము, అప్పుడప్పుడు ఒంటెలు. వెనక సీట్లో నేనూ, గడ్డి లెక్కపెట్టే చదరపు చట్రమూ, ఉల్లిపాయల బస్తా. ఆరేడు గంటలు ఊగి ఊగి, పొద్దు వాలకముందే ఒక అఖాతం ఒడ్డున పదిహేను ఇళ్ల జాలరి పల్లె చేరాం. మాకు పడవ ఇచ్చేది ఆ పల్లెలో ఒక ముసలాయన. తెల్లటి గడ్డం, సన్నటి ఒళ్లు. బొంబాయికీ కరాచీకీ సరుకు పడవల్లో తిరిగిన రోజుల నుంచీ ఆయనకు కాస్త ఉర్దూ వచ్చు. మగవాళ్లు గుడారాల్లో పడుకున్నారు. నాకు మాత్రం ముసలాయన భార్య తమ ఆడవాళ్ల ఇంట్లో చోటిచ్చింది.

అది ఖర్జూరపు మట్టలతో కట్టిన ఇల్లు. లోపలికి అడుగు పెట్టగానే ఎండుసొర వాసన గుప్పుమంది. కాకినాడలో మా వీధి చివర ఎండుచేపలు అమ్మే ఆవిడ గుర్తొచ్చి నాకు ప్రాణం లేచొచ్చింది. ముసలమ్మ లోపలికి రాగానే ముఖం మీది ముసుగు తీసి, నా బొట్టు మీద వేలు పెట్టి, దెబ్బ తగిలిందా అన్నట్టు చూసింది. నేను స్టిక్కర్ తీసి చూపించేసరికి ఇంట్లో ఆడవాళ్లందరూ ఒకటే నవ్వు. నా దగ్గరున్న అట్ట వాళ్లకిచ్చాను. చిన్నకోడలు ఒకటి పెట్టుకుని అద్దంలో చూసుకుని, మళ్లీ తీసి అద్దానికే అంటించింది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా అక్కడున్నన్నాళ్లూ నాకు మాటలకు కొదవ లేదు.

మొదటి నాలుగు రోజులూ పని ఒకేలా సాగింది. చిత్రంలో గుర్తుపెట్టిన చోట పడవ ఆపడం, బాస్ చట్రంతో దూకడం, చట్రంలో ఎన్ని వంతులు గడ్డి ఉందో పైకి తేలి చెప్పడం, నేను రాసుకోవడం. ఎక్కడున్నామో చెప్పడానికి ఇటుకంత జీపీఎస్ యంత్రం ఒకటుండేది. అది వంద మీటర్లు అటూ ఇటూ చెప్పేది. ముసలాయన మాత్రం ఒడ్డున ఒక గుట్టనీ ఒక గుడిసెనీ చూసుకుని, నిన్న ఆపిన చోటే మళ్లీ ఆపేవాడు.

బాస్ పైకి తెచ్చిన పిడికెడు గడ్డిని నేను మొదటిసారి చేతిలోకి తీసుకున్నాను. రెండు రకాలు. ఒకటి మునగాకులా గుండ్రంగా, జంట ఆకులు. ఇంకొకటి సన్నగా, నారుమడిలా. రెండింటికీ గరికలాగా నేలలో పాకే కాడ, దానికి వేళ్లు, వేళ్లకు ఇసుక. నాచుకు వేళ్లుండవు, రాతిని పట్టుకుని ఉంటుంది. డ్రైవరన్న పక్కనుంచి చూసి, "అయితె ఏరుంటె గడ్డి, లేకుంటె పాచి. గంతే కద మేడమ్," అన్నాడు. నేను ఏడాదిన్నరగా పుస్తకాల్లో చదివినదాన్ని ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

అయిదో రోజు ఉదయం మేము తెచ్చిన పెద్ద చిత్రాన్ని ఇసుక మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాం. ముసలాయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, సముద్రానికి ఎదురుగా ఉండేలా ఒక పక్కన చతికిలబడ్డాడు. మాకది తలకిందులు. ఆయనకది సరిగ్గా ఉంది. ఒక్కో పాయ మీదా వేలు పెట్టి దాని పేరు చెప్పుకుంటూ పోయాడు. ఆకాశంలోంచి తీసిన బొమ్మను జీవితంలో మొదటిసారి చూస్తున్న మనిషి మా అందరికంటే ముందే చదివేశాడు. చివరికి ఉత్తరాన ఒక పెద్ద నల్లమచ్చ మీద అరచెయ్యి పెట్టి, ఇదంతా హషీష్ అన్నాడు. చాలా హషీష్, బోలెడంత హషీష్ అని ఉర్దూలో మళ్లీ చెప్పాడు.

డ్రైవరన్న నన్ను పక్కకు పిలిచాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మేడమ్, మనకొద్దు గీ లొల్లి. ముసలాయన మంచోడే అనుకున్న. ఆడ మత్తుమందు దాసిపెట్టిండ్రట. పోలీసులకు దొరికితె అందరం జైలుకే."

హషీష్ అంటే నాకు తెలిసిందీ అదొక్కటే. బాస్‌కి చెబితే ఆయనా నోరు తెరిచాడు. ముగ్గురం గుసగుసలాడుతుంటే ముసలాయనకు విషయం అంతుపట్టలేదు. లేచి వెళ్లి మేకల ముందున్న ఎండుగడ్డి ఒక గుప్పెడు తెచ్చి మా ముందు పడేసి, హషీష్ అన్నాడు. తర్వాత సముద్రం వైపు చెయ్యి చూపించి, అక్కడా హషీష్ అన్నాడు.

అరబిక్‌లో హషీష్ అంటే గడ్డి. ఉత్త గడ్డి.

అప్పుడు నేను పటం తీసి ఆ అఖాతం పేరు చూశాను. ఘుబ్బత్ హషీష్ అని అచ్చు వేసి ఉంది. ఆఫీసులో మేము దానికి జీహెచ్ అని ముద్దుపేరు పెట్టి, ఫైళ్ల మీద అదే రాసుకుంటూ వచ్చాం. ఘుబ్బత్ అంటే ఏమిటని ముసలాయన్ని అడిగాను. చేతులు రెండూ చాచి ఎదుటి నీళ్లనంతా చుట్టి చూపించాడు. గడ్డి అఖాతం. ఎన్ని తరాల కిందటో ఎవరో పెట్టిన పేరు. అక్కడ గడ్డి ఉందా లేదా అని తేల్చడానికి మేము అమెరికా ఉపగ్రహాన్ని అడుగుతున్నాం. బాస్ ఇసుకలో వెల్లకిలా పడుకుని కడుపు పట్టుకుని నవ్వాడు. డ్రైవరన్న సిగ్గుపడి టీ పెట్టడానికి వెళ్లిపోయాడు.

నవ్వులు అయ్యాక చిక్కు మొదలైంది. ముసలాయన చెయ్యి పెట్టిన ఆ మచ్చను నేను నా మ్యాపులో లోతు నీళ్లు అని నీలం రంగు వేశాను. బాస్ కూడా ఒప్పుకున్నాడు. పాత పటంలో ఆ దిక్కున లోతైన పాయ ఉన్నట్టే ఉంది. ముసలాయన మాత్రం, నీళ్లు బాగా తీసినప్పుడు ఇంతే ఉంటాయని తన రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించాడు. అక్కడికి తాబేళ్లు వస్తాయన్నాడు. అయిదు రోజులాగితే పున్నమి పోటు తర్వాత నీళ్లు బాగా వెనక్కి పోతాయి, అప్పుడు తీసుకెళ్తానన్నాడు.

సరిగ్గా ఆ సాయంత్రమే బాస్ చెవి వాచింది. ఉప్పునీళ్లలో దిగీ దిగీ చెవిలో చీము పట్టింది. నీళ్లలోకి వెళ్లడానికి వీల్లేదు. డ్రైవరన్న తనకు ఈత వచ్చని ముందుకొచ్చాడు. మర్నాడు ఆయన్ని దింపి చూశాం. చేపలా ఈదాడు. గడ్డి తెమ్మంటే గడ్డి తెచ్చాడు. చట్రంలో ఎన్ని వంతులుందంటే మాత్రం, మంచిగనే ఉన్నది అన్నాడు. అన్ని చోట్లా మంచిగానే ఉంది ఆయనకు. చూసి అంచనా కట్టగలిగిన మనిషి ఇంకొకరు దిగాలి.

ఎవరూ నన్ను అడగలేదు. బాస్ చెవికి దూది పెట్టుకుని వేరే వైపు చూస్తున్నాడు. నేనే అన్నాను, నాకు మూడు రోజులుంది, నేర్చుకుంటాను అని.

డ్రైవరన్న ఖాళీ అయిన నీళ్ల క్యాన్లు రెండు తెచ్చి మూతలు బిగించి, తాడుతో నా వీపుకు కట్టాడు. వాళ్ల ఊళ్లో పిల్లలకు బెండ్లు కట్టి వ్యవసాయ బావుల్లో తోసేవాళ్లట. ఆయన అలాగే నేర్చుకున్నాడు. నేను సల్వారు కమీజు మీద చున్నీ నడుముకు చుట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాను. ఒడ్డు మీద ముసలమ్మ, కోడళ్లు, మేకలు, అందరూ వరసగా వచ్చి నిలుచున్నారు.

మొదటి ఉదయమంతా ముఖం నీళ్లలో పెట్టడమే కాలేదు. బాస్ ఇచ్చిన నీళ్ల అద్దం కళ్లకు బిగించుకుని, ఊపిరి గొట్టం నోట్లో పెట్టుకుని వంగుతాను, నీళ్లు చెవులకు తగలగానే లేచిపోతాను. ఇరవైసార్లు వంగి ఇరవైసార్లు లేచాను. రెండో రోజు కూడా అంతే. ముక్కులోకి నీళ్లు పోయి దగ్గి దగ్గి, ఇక నావల్ల కాదని ఒడ్డున కూలబడ్డాను. డ్రైవరన్న వచ్చి రెండు మూరల దూరంలో కూర్చున్నాడు. అంతవరకు మేడమ్ అన్న మనిషి, ఆ మాట మర్చిపోయాడు.

"చెల్లె, నేను చెప్పేది జర ఇను. మా బాయి నీళ్లు మనిషిని కిందికి గుంజుతయి. నేను ఈడికొచ్చినంక మొదటిసారి సముద్రంల దిగితె నాకే నవ్వొచ్చింది. గీ నీళ్లు పైకి లేపుతయి. మునుగుదామన్నా మునుగనియ్యవు. నువ్వు ఈదకు. ఉత్తగ పండుకో. మిగతది గవే చూసుకుంటయి."

"పట్టుకుంటావా అన్నా?"

"పట్టుకుంట. ఇడువమన్నంకనే ఇడుస్త."

పడుకున్నాను. ఆయన నా వీపు మీది క్యాన్ల తాడు పట్టుకున్నాడు. ముఖం నీళ్లలో ఉంది. చెవుల్లో నా ఊపిరి గుయ్యిమని వినబడుతోంది. కింద ఇసుక మీద ఎండ వలలా కదులుతోంది. ఒక చిన్న పీత తన బొరియ దగ్గర కూర్చుని నన్ను చూస్తోంది. కొంతసేపటికి తలెత్తి, ఇక వదలమని చెప్పబోతే, ఆయన అప్పటికే పది గజాల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒడ్డు మీద ఆడవాళ్లు నాలుకలు ఆడిస్తూ కీచుమని ఈలలాంటి కూత పెట్టారు. అది పెళ్లిళ్లలో పెట్టే కూతట. మూడో రోజు మధ్యాహ్నానికి నేను క్యాన్లు కట్టుకుని పడవ చుట్టూ ఒక చుట్టు తిరిగి రాగలిగాను. ఆ సాయంత్రం ముసలాయన ఇచ్చిన వంజరంతో నేను చింతపండు పులుసు పెట్టాను. బాస్ కళ్లనీళ్లు కారుస్తూ రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఆ ఘాటుకు చెవి నొప్పి మర్చిపోయానన్నాడు.

నాలుగో ఉదయం గాలి లేదు. ముసలాయన ఇంజను ఆపి, పొడవాటి వాసంతో పడవను నెట్టుకుంటూ మమ్మల్ని ఆ నల్లమచ్చ మీదికి తీసుకెళ్లాడు. పడవ పక్కనుంచి చూస్తే అడుగు కనపడని నలుపు. ముసలాయన వాసాన్ని నీళ్లలోకి నిలువునా దించాడు. అది నా రొమ్ము ఎత్తు దాకా తడిసి, అడుగు తగిలి ఆగింది. బాస్ పెన్సిలూ అట్టా నా చేతిలోంచి తీసుకున్నాడు.

డ్రైవరన్న ముందు దిగాడు. నేను వీపున క్యాన్లతోనే నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టే దిగి, ముఖం నీళ్లలో పెట్టాను.

గడ్డి. కంటి చూపు ఆనినంత దూరం గడ్డి. నీళ్ల కదలికకు అంతా ఒక్కసారి ఇటు వాలుతోంది, మళ్లీ అటు లేస్తోంది. గాలికి వరిచేను కదిలినట్టే ఉంది గానీ చప్పుడు లేదు. ఆకుల చివర్ల చిన్న చిన్న గాలి బుడగలు పాదరసంలా మెరుస్తున్నాయి. నా గోరంత చేపలు గుంపుగా వచ్చి, నా నీడలోకి దూరి, నాతోపాటే కదిలాయి. నేను రంగు వేసింది దీనికా అనుకున్నాను. ఏడాదిన్నర పాటు తెర మీద నలుపు చుక్కలుగా చూసినది, నా పొట్ట కింద, నా చేతికి అందేంత దగ్గర్లో ఊపిరి తీసుకుంటోంది. చెయ్యి చాచి తాకాను. మెత్తగా, చల్లగా, కాస్త జిగటగా ఉంది. నీళ్ల అద్దం లోపల నా కళ్లు తడిశాయి. తుడుచుకోవడానికి వీల్లేక అలాగే చూస్తూ ఉండిపోయాను.

పైకి లేచేసరికి పడవలో ఉన్న ఇద్దరూ నా ముఖంకేసి చూస్తున్నారు. నోట్లో ఉప్పునీళ్లు ఉమ్మేసి, చట్రం వేయనే లేదని గుర్తొచ్చి, దాన్ని కిందికి వదిలి, మళ్లీ ముఖం నీళ్లలో పెట్టి చూసి చెప్పాను.

"తొంభై శాతం."

బాస్ రాసుకున్నాడు. నేను నీళ్లలో చూసి చెప్పడం, ఆయన పడవలో కూర్చుని రాయడం. ఆ పూట ఇరవై చోట్ల చూశాం. ఎక్కడా సగానికి తగ్గలేదు. నారుమడి లాంటి రకమే ఎక్కువ, అంచుల్లో మునగాకు రకం. అంత ఒత్తుగా ఉండబట్టే, కింద నల్లటి బురద ఉండబట్టే, పైనుంచి చూసిన ఉపగ్రహానికీ నాకూ అది లోతులా కనపడింది.

పదిహేనో చోటో పదహారో చోటో, డ్రైవరన్న నా కమీజు చెయ్యి పట్టి లాగాడు. అటు చూస్తే, బండి చక్రమంత తాబేలు. తల వంచుకుని నింపాదిగా మేస్తోంది. ఒక కొరుకు కొరికి, తల పక్కకు తిప్పి పీకి, నమిలి, ఇంకో అడుగు ముందుకు వేస్తోంది. తెగిన ఆకు ముక్కలు దాని తల చుట్టూ పైకి తేలుతున్నాయి. అది మేసిన దారి వెనకాల, కత్తెర వేసినట్టు గడ్డి పొట్టిగా ఉంది. మమ్మల్ని ఒకసారి చూసింది. మేము లెక్కలోకి రాలేదు. మళ్లీ మేత మొదలుపెట్టింది. కాసేపయ్యాక గాలి కోసం పైకి వచ్చి, మా ఇద్దరి మధ్యలోంచి తల బయట పెట్టి, ముసలివాళ్లు నిట్టూర్చినట్టు ఊపిరి వదిలి దిగిపోయింది.

"మా బర్రె గూడ గింతే చెల్లె. మేసేటప్పుడు ఎవ్వన్ని దేకది," అన్నాడు డ్రైవరన్న. పదేళ్లలో ఈ దేశంలో ఇంత మంచి డ్యూటీ చేయలేదని ఒడ్డుకు చేరాక మూడుసార్లు చెప్పాడు.

మస్కట్ తిరిగొచ్చేసరికి మా అమ్మాయి జడలు నేను వేసేవాటికంటే బిగువుగా ఉన్నాయి. ఇక నాతో వేయించుకోనంది. ఆఫీసులో నేను పాత వర్గీకరణ అంతా చెరిపేసి మొదటినుంచి మొదలుపెట్టాను. ఈసారి ఒక్కో చుక్క మీద వేలు పెట్టినప్పుడు దాని కింద ఏముందో నాకు తెలుసు. ఆ నల్లమచ్చ నీలం నుంచి ఆకుపచ్చకు మారింది. దానిలాంటివే ఇంకో నాలుగు మచ్చలు తీరం పొడవునా బయటపడ్డాయి. రాళ్ల దగ్గర నేను అనవసరంగా వేసిన ఆకుపచ్చ ఎగిరిపోయింది. వేసవి మధ్యలో మ్యాపు పూర్తయింది. మ్యాపు అడుగున, పనిచేసినవాళ్ల పేర్లలో బాస్ నా పేరు ముందు వేసి తన పేరు తర్వాత వేశాడు. మూడో పేరు డ్రైవరన్నది. ఆ కాగితం ఒక కాపీ చుట్టచుట్టి ఆయన సెలవుకు జగిత్యాల పట్టుకెళ్లాడు.

ఇంకో కాపీ ముసలాయనకు పంపాం. పదిరోజుల్లో జవాబు వచ్చింది, అటు వెళ్లిన చేపల లారీ డ్రైవరు నోటి ద్వారా. మ్యాపు బాగుంది గానీ ఒక పాయ తప్పు చోట గీశారు, వచ్చి చూసుకోండి అని. చూసుకున్నాం. ఆయన చెప్పింది నిజమే. సరిచేశాం.

మరుసటి చలికాలం మమ్మల్ని మసీరా ద్వీపానికి పంపారు. మావారూ అమ్మాయీ కూడా వచ్చారు. బల్లకట్టులాంటి ఫెర్రీ మీద మా బండి, రెండు చేపల లారీలు, ఒక మంచాల లోడు, ఇరవై మంది జనం. జలసంధి నడిమధ్యలో ఫెర్రీ ఇసుక దిబ్బ ఎక్కి ఆగిపోయింది. పోటు వచ్చేదాకా కదలదని, మూడు గంటలు పడుతుందని నడిపేవాడు చెప్పి, చుట్ట ముట్టించాడు. ఎవరూ విసుక్కోలేదు. డ్రైవరన్న బండి వెనక స్టవ్ వెలిగించి అందరికీ టీ పెట్టాడు. మావారు ప్యాంటు మడిచి అమ్మాయిని భుజం మీద ఎక్కించుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగారు. లారీవాళ్లు పాటలు మొదలుపెట్టారు. అమ్మాయి పైనుంచి వంగి నీళ్లలోకి చూసి, అమ్మా, ఇక్కడ కూడా గడ్డి ఉంది అని చెయ్యి చూపించింది. నేను గ్లాసు పక్కన పెట్టి దిగాను.